భంగు గోలీ తయారీకే లైసెన్సా, అమ్మకానికి అక్కర్లేదా? ఆయుష్ శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ అధికారులకు,
ఆయుర్వేద, సిద్ధ, యునాని ఔషధ సాంకేతిక సలహా మండలి సభ్యులకు,

నమస్కారం.

సంగారెడ్డి జిల్లాలో ఫ్యాక్టరీలను ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో నాది ఆయుర్వేద మందుల కొట్టు. మా నాన్నగారు గోనెసంచుల్లో కరక్కాయలు, తానికాయలు, పిప్పళ్లు పోసి అమ్మేవారు. ఇప్పుడు నా అరల్లో సీసాలు, డబ్బాలు, ట్యూబులు. కొట్టు పెట్టుకోవడానికి మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నంబరు ఉంటే సరిపోయింది. మందుల శాఖ వాళ్లు ఒక్క కాగితం అడగలేదు. ఆయుర్వేద మందులు అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు మరి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఈ మందులు తయారుచేసేవాడిని లైసెన్సు అడుగుతుంది, అమ్మేవాడిని వదిలేస్తుంది. త్రిఫల చూర్ణానికీ చ్యవనప్రాశకీ ఈ పద్ధతి బాగానే ఉంది. నాలాంటి చిన్న వ్యాపారి బతుకు దానివల్లే తేలికగా సాగుతోంది. కానీ అదే వెసులుబాటు భంగు గోలీకి, అంటే గంజాయి మొక్క ఆకుతో చేసే మత్తు ఉండకు కూడా దొరుకుతోంది. అది మార్చమని అడగడానికే ఈ లేఖ.

పోయిన ఎండాకాలం ఒక ఏజెంటు మా కొట్టుకు వచ్చాడు. చేతిసంచిలోంచి ఒక దండ తీసి కౌంటర్ మీద పరిచాడు. షాంపూ ప్యాకెట్ల మాదిరి ఒకదానికొకటి అతుక్కుని ఉన్న చిన్న చిన్న పొట్లాలు. పైన బంగారు రంగు, ఒక పక్క దేవుడి బొమ్మ, మధ్యలో పెద్ద హిందీ అక్షరాలు. ఒకటి చింపి చూస్తే లోపల నల్లగా, జిగటగా గోలీ ఉంది. నోట్లో వేసుకోలేదు గానీ వాసన చూశాను. బెల్లం, మిరియాలు, వాము, సోంపు, వాటి అడుగున పచ్చి ఆకు వాసన. వెనక్కి తిప్పితే ‘ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్’ అని ఉంది. అజీర్తికి, ఆకలి పుట్టడానికి, నిద్రకు అని రాశారు. కలిసిన దినుసుల పట్టీలో ‘విజయ’ ఉంది, అంటే భంగు ఆకు. తయారీ లైసెన్సు నంబరు ఉంది. అట్టడుగున, భూతద్దం పెడితే గానీ కనబడనంత సన్నగా, వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి హిందీలో.

ఆ హెచ్చరిక కంపెనీవాడు తనంతట తాను రాసింది కాదని మీకు తెలుసు. 1945 డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఈ(1) అనే పట్టిక ఉంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానిలలో విష పదార్థాలుగా లెక్కగట్టినవన్నీ అందులో ఉన్నాయి: భంగు, నల్లమందు, ఉమ్మెత్త, నాభి, ముష్టి, గురివింద, నేపాళం వగైరా. వీటిలో ఏది కలిసినా, కడుపులోకి తీసుకునే మందైతే, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద రాయాలని 161వ నియమం చెబుతుంది. ఏ భాషలో రాయాలో కూడా అదే చెబుతుంది: ఇంగ్లీషు, హిందీ. తెలుగు అక్కర్లేదు. తమిళం, ఒడియా, కన్నడం, ఏదీ అక్కర్లేదు. సరే, ఆ పర్యవేక్షించే వైద్యుడు ఎక్కడున్నాడు? కొనేవాడు చీటీ చూపించాలని ఏ నియమంలో ఉంది? చీటీ లేకపోతే అమ్మకూడదని నాకు ఎవరు చెప్పారు? లేబుల్ మీద ఒక వాక్యం అచ్చు వేయించి, ఆ వాక్యం అమలయ్యేలా చూసే బాధ్యతను ఎవరి మీదా పెట్టకుండా వదిలేశారు.

ఏజెంటుకు ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు. “మీకేం టెన్షన్ లేదు సార్, మీది ఆయుర్వేదం కొట్టు. ఇది ఆయుర్వేదం మందు. సర్కారు నంబరు చూడండి” అన్నాడు. రూపాయికి రూపాయి లాభం అన్నాడు. వద్దన్నాను. అతను ఏమీ అనుకోలేదు. దండ చుట్టి సంచిలో వేసుకుని రోడ్డు దాటాడు. సాయంత్రానికి ఆ దండ అవతలి పాన్ డబ్బాలో సోంపు పొట్లాల పక్కన వేలాడుతోంది.

కొనేవాళ్లు ఎవరని మీరు అడగవచ్చు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడ పన్నెండేసి గంటలు నిలబడి పనిచేసే కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామందికి భంగు కొత్తేమీ కాదు, హోలీకి ఇంట్లోనే నూరి తాగి పెరిగినవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. రోజంతా ఇనుము మోసినవాడు రాత్రి ఒళ్లు నొప్పులకు ఏదో ఒకటి మింగుతాడు. కొందరు నా దగ్గరికే వచ్చి “భయ్యా, మునక్కా హై?” అని అడుగుతారు. లేదంటే వెళ్లిపోతారు. ఎండు ద్రాక్ష పేరు పెట్టుకున్న ఈ గోలీ వాళ్ల దాకా ఆగితే నేను ఈ లేఖ రాసేవాడిని కాదేమో.

ఆగలేదు. మా వీధిలో ప్యాకింగ్ పనికి వెళ్లే ఒకావిడ ఒకరోజు పరుగున వచ్చి చింపిన పొట్లం నా చేతిలో పెట్టింది. “అన్నా, ఇదేం గోలీ, జర చూసి చెప్పు. పొద్దుగాల పండుకున్నోడు ఇంకా లేస్తలేడు. లేపితే ఏందేందో మాట్లాడుతుండు” అంది. కొడుకు పదో తరగతి. ప్యాంటు ఉతుకుతుంటే జేబులో దొరికిందట. ఆవిడకు తెలుగు చదవడం వచ్చు. ఆ పొట్లం మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. నేను చదివి, భంగు ఉందని చెప్పి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. మర్నాటికి పిల్లాడు తేరుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగితే చెప్పాడు: స్నేహితుడు ఇస్తే ఒకటి తిన్నాడు, అరగంటైనా ఏమీ కాలేదు, ఇదేదో ఉత్త చాక్లెట్ అనుకుని ఇంకో రెండు తిన్నాడు.

పొట్లం మీద రాసి ఉంటే ఆ రెండూ తినకూడదని తెలిసేది. పొగగా పీల్చిన గంజాయి నిమిషాల్లో తలకెక్కుతుంది. తిన్న భంగు అలా కాదు, పొట్టలోకి పోయి, కాలేయం దాటి, మెదడుకు చేరడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కాక చాలా గంటలు దిగదు. మొదటిది పనిచేయలేదనుకుని రెండోది వేసుకునేవాళ్లే ఎక్కువగా ఇబ్బందిలో పడతారు. పిల్లలైతే మత్తుగా పడిపోతారు, వాంతులు చేసుకుంటారు, ఒక్కోసారి ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఒక గోలీలో మత్తు పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు ఉందో పొట్లం మీద లేదు. ‘విజయ’ ఇంత అని ఆకు బరువు రాస్తే ఎవరికి ఏం తెలుస్తుంది? ఒక పొలం ఆకుకూ ఇంకో పొలం ఆకుకూ బలం ఒకటి కాదు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడి పిల్లల తీరు వింతగా ఉందని ఆరా తీస్తే, బడి దగ్గరి పాన్ డబ్బాలో అమ్ముతున్న చాక్లెట్ల దగ్గర తేలింది. ఆ తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లో ఇలాంటి గోలీలు, చాక్లెట్లు పట్టుబడిన వార్తలు ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ప్రతి వార్తలోనూ ‘గంజాయి చాక్లెట్లు’ అనే రాస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇది మందుల చట్టం పరిధిలోది కాకపోయినా దయచేసి ఓపిగ్గా చదవండి, మీ శాఖ వదిలేసిన ఖాళీలోనే ఇది పుట్టింది.

1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. 1961 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందంలోనూ ఇదే నిర్వచనం. ఆ ఒప్పందం ప్రకారం వైద్యానికి కాని గంజాయి వాడకాన్ని ఆపడానికి పాతికేళ్ల గడువు పెట్టారు. మన దేశంలో శివరాత్రికీ హోలీకీ తాగే ఆకు మాత్రం నిర్వచనం బయటే ఉండిపోయింది. కాబట్టి భంగు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలకు వదిలేశారు. ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కారు లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడుస్తాయి. వారణాసి వెళ్లిన మనవాళ్లు ఆ బోర్డులు చూసి ఆశ్చర్యపోయి ఫోటోలు తీసుకుంటారు. 2022లో కర్ణాటక హైకోర్టు కూడా భంగు ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి రాదంటూ ఒకతనికి బెయిలు ఇచ్చింది.

ఇప్పుడు పాన్ డబ్బాకు రండి. పోలీసులకు అక్కడ రెండు కిలోల గోలీలు దొరికాయనుకుందాం. అందులో బెల్లమే ఎక్కువ. పూత కలిసిందని ల్యాబు తేలిస్తే, మిశ్రమం మొత్తం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, బెల్లంతో సహా రెండు కిలోలూ గంజాయే. కిలో దాటితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు, బెయిలు కూడా గగనమే. పూత లేదు, ఉన్నది ఆకే అని తేలిస్తే ఆ చట్టం వర్తించనే వర్తించదు. ఒకే గోలీ, ఒకే డబ్బా, ఒకే మనిషి. ఇటు పదేళ్లు, అటు సున్నా. మరి నూరి, బెల్లం పాకంలో కలిపి, ఉండ కట్టిన తర్వాత ఏది ఆకు, ఏది పూత అని చూసి చెప్పడం ఎంత కష్టమో నాలాంటి మూలికల వ్యాపారిని అడిగినా చెబుతాడు. పొడి అయ్యాక మేమే పోల్చుకోలేం.

ఎక్సైజ్ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. తెలుగు రాష్ట్రాల్లో భంగు దుకాణాలు కనబడవు, లైసెన్సు లేని మత్తు పదార్థాన్ని పట్టుకునే అధికారం ఎక్సైజ్ వాళ్లకు ఉంది. అయితే పొట్లం మీద ‘ఆయుర్వేద ఔషధం’ అని, వేరే రాష్ట్రపు ఆయుష్ లైసెన్సు నంబరు ఉంటే ఎక్సైజ్ ఎస్సై కూడా కేసు రాసే ముందు ఒక్క క్షణం ఆగాల్సిందే. ఆ నంబరు ఇచ్చింది మీ వ్యవస్థే.

పిల్లల చట్టాల దగ్గర ఇది ఇంకా వింతగా ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు సిగరెట్, బీడీ అమ్మకూడదు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకం నిషేధం. పిల్లలకు మద్యమో, పొగాకో, మాదకద్రవ్యమో ఇస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. అదే ఆకు గోలీకి వయసు హద్దు లేదు, గజాల లెక్క లేదు. 77వ సెక్షన్ పెడదామన్నా అది మాదకద్రవ్యమా కాదా అన్న పూత-ఆకు పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. బడి గేటు పక్కన బీడీ అమ్మితే నేరమై, భంగు గోలీ అమ్మితే వాదనకు అవకాశం ఉండటం ఏం పద్ధతి?

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనను. షెడ్యూల్ ఈ(1) మందులను వైద్యుల సలహా లేకుండా వాడవద్దని, ఆన్‌లైన్‌లో కొనవద్దని 2016లోనే ప్రకటన ఇచ్చారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ సైట్లకు సూచన చేసింది: రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ అప్‌లోడ్ చేయించుకున్నాకే ఈ మందులు అమ్మాలి అని. మంచిదే. దాంతో ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే, హైటెక్ సిటీలో నిద్ర పట్టని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ‘విజయ’ నూనె కావాలంటే ఫోన్‌లో వైద్యుడితో మాట్లాడి, చీటీ తీసుకుని, సీసా తెప్పించుకుంటాడు. చుక్కల లెక్క కూడా వైద్యుడే చెబుతాడు. పటాన్‌చెరు కూలీకి, అతని పక్కింటి పదో తరగతి కుర్రాడికి చీటీ లేదు, లెక్క లేదు, అడిగే మనిషి లేడు. కంప్యూటర్ అమ్మకానికి ఒక న్యాయం, కొట్టు అమ్మకానికి ఒక న్యాయం. చీటీ అవసరమని మీరే ఒప్పుకున్నాక, అది తెర మీద అడగాలి గానీ గల్లాపెట్టె దగ్గర అడగక్కర్లేదని ఎలా అంటారు?

నల్లమందు సంగతి చూడండి, ఇంకా భయం వేస్తుంది. అహిఫేనం, అంటే నల్లమందు, కలిసిన ‘కామినీ విద్రావణ రస’ లాంటి పాత యోగాలు మగతనం మాత్రలుగా అమ్ముడై, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా పోయి, అక్కడ మనవాళ్లు వాటికి బానిసలై ఆసుపత్రుల్లో చేరారు. ఆ దేశాల వైద్యులు దాన్ని నల్లమందు అలవాటుగానే గుర్తించి చికిత్స చేశారు. అంటే మన మందుల కొట్లో ప్రశ్న లేకుండా దొరికే మాత్రకు పరాయి దేశంలో డీ-అడిక్షన్ వార్డు అవసరమైంది.

అలాగని వీటన్నిటినీ నిషేధించమని నేను అడగడం లేదు. నిషేధించే అధికారం మీ చేతిలో ఇప్పటికే ఉంది. ప్రమాదకరమని తోస్తే ఏ ఆయుర్వేద మందు తయారీనైనా అమ్మకాన్నైనా ఆపే అధికారం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని 33ఈఈడీ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. దాన్ని వాడితే నష్టపోయేది ఎవరో చెబుతాను. జాతీఫలాది చూర్ణంలో భంగు పడుతుంది. పాత గ్రహణి రోగులకు, ఏది తిన్నా విరేచనమయ్యే ముసలివాళ్లకు వైద్యులు ఇప్పటికీ రాస్తారు, పనిచేస్తుంది. అందులో వేసే ఆకు పచ్చిది కాదు. పచ్చరంగు దిగిపోయే దాకా నీళ్లలో కడిగి, పిండి, ఆరబెట్టి, ఆవునేతిలో దోరగా వేయించాకే వాడాలి. మా నాన్నగారు ఎవరైనా వైద్యుడు చీటీ రాసి పంపితేనే ఆ పొట్లం కట్టేవారు, అదీ వారానికి మించి కట్టేవారు కాదు. ఏ చట్టమూ ఆయన్ని అడగలేదు. అప్పట్లో ఊళ్లో వైద్యుడికీ కొట్టుకూ రోగికీ ఒకరికొకరు తెలుసు కాబట్టి అలా సాగింది. దండలుగా అచ్చయి లారీల్లో వచ్చే పొట్లాలకు ఆ పరిచయం ఉండదు. ఆ పని ఇప్పుడు నియమం చేయాలి.

ఆకు మీద, గంజాయి మీద పూర్తి నిషేధం పనికిరాదని ఇంగ్లీషువాళ్లు వేసిన కమిషనే ఎప్పుడో చెప్పింది. 1893, 94లలో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి, నిషేధం వద్దు, లైసెన్సు పెట్టండి, పన్ను వేయండి, అమ్మకాన్ని అదుపు చేయండి అని రాసింది. వాళ్లకు పన్ను మీద ఆశ ఉందనుకోండి, అది వేరే సంగతి. నిషేధం పెడితే ఏమవుతుందో చూడటానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో దశాబ్దాలుగా గంజాయి నిషేధమే. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. దారులు మారాయి గానీ సరుకు ఆగలేదు, ఈ రోజుకీ విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే బస్సుల్లో బ్యాగులు దొరుకుతూనే ఉన్నాయి.

పూర్తిగా తలుపులు తెరిచినా అంతే. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేసింది, ఎవరు అమ్మాలి, ఎవరికి అమ్మాలి అన్నది తర్వాత చూసుకుందాంలే అనుకుంది. వీధికో కొట్టు వెలిసింది. మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, పూత కొనాలంటే వైద్యుడి చీటీ ఉండాలని నియమం తెచ్చుకుంది. అదే దేశం క్రాటమ్ అనే మత్తు ఆకు విషయంలో కాస్త జాగ్రత్తగా నడిచింది. 2021లో నిషేధం ఎత్తేసి, మరుసటి ఏడాదే దానికో ప్రత్యేక చట్టం చేసి, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకూ గర్భిణులకూ అమ్మకూడదని రాసుకుంది. మనకు కావలసింది ఈ రెండో రకం పని.

ఇక నేను అడిగేది. షెడ్యూల్ ఈ(1)లోని పదార్థం కలిసి, కడుపులోకి తీసుకునే మందు అమ్మాలంటే కొట్టుకు ప్రత్యేక అమ్మకం లైసెన్సు ఉండాలి. మిగతా ఆయుర్వేద మందులకు ఇప్పుడున్న స్వేచ్ఛ అలాగే ఉండనివ్వండి. లైసెన్సున్న కొట్టు రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ చూసి, పుస్తకంలో రాసుకుని ఇవ్వాలి. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కాదు. అల్లోపతిలో 2014 మార్చి నుంచి హెచ్1 అనే జాబితాలోని మందులకు ఇదే చేస్తున్నారు. నా పక్కనున్న మెడికల్ షాపులో ఆందోళనకు వాడే అల్ప్రాజోలం ఒక్క స్ట్రిప్పు అమ్మాలన్నా వైద్యుడి పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చాడో రాసి ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. అక్కడ కూడా దొంగదారులు ఉన్నాయి, లేకపోతే తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం ఎక్కడి నుంచి కలుస్తుంది? అయినా ఆ పుస్తకం ఉంది కాబట్టే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి “ఈ బ్యాచ్ ఏమైంది?” అని అడగగలుగుతున్నాడు. నేను అలాంటి పుస్తకం రాయాలన్న నియమం ఈ రోజు ఏదీ లేదు.

లేబుల్ మీద హెచ్చరిక ఏ రాష్ట్రంలో అమ్ముతారో ఆ రాష్ట్రపు భాషలో, కళ్లకు కనబడే సైజులో ఉండాలి. గోలీలో మత్తు పదార్థం ఎంతుందో ల్యాబులో తూచి మిల్లీగ్రాముల్లో రాయాలి. పనిచేయడానికి రెండు గంటలు పట్టవచ్చని, ఈలోగా ఇంకోటి వేసుకోవద్దని, పిల్లలకు ఇవ్వవద్దని రాయాలి. విడి గోలీల దండలు ఆపేయాలి, పిల్లలు తెరవలేని మూతతో డబ్బాగానే అమ్మాలి. పిప్పరమెంట్లు, చాక్లెట్ల ఆకారంలో తయారీకి అనుమతి ఇవ్వకూడదు. వైద్యానికి తినేదానికి చాక్లెట్ ముఖం ఎందుకు?

రాష్ట్ర ఆయుష్ శాఖలు తయారీ లైసెన్సు ఇచ్చి ఊరుకోకుండా, ఏ బ్యాచ్ ఏ జిల్లాకు పోయిందో కంపెనీల నుంచి లెక్క అడగాలి. ఉత్తరాదిలో లైసెన్సున్న ఒక కంపెనీ సరుకు సంగారెడ్డి పాన్ డబ్బాల్లో తేలుతోందంటే మధ్యలో కనీసం ముగ్గురు చేతులు మారాయి. పట్టుబడేది మాత్రం చివరివాడు, నెలకు పది పన్నెండు వేలకు డబ్బాలో కూర్చున్న కుర్రాడు. పొట్లం మీద నంబరు ఉంది, అడ్రసు ఉంది. ఆ అడ్రసుకు నోటీసు పంపారన్న వార్త నాకైతే ఎక్కడా కనబడలేదు.

నాలాంటి వ్యాపారుల నుంచి మీకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, నేను కూర్చునే సంఘం మీటింగుల్లోనే వినబడతాయి. ఆయుర్వేదం మీద కక్ష అంటారు. భంగు గోలీని ఆయుర్వేదం పేరుతో పాన్ డబ్బాలో వేలాడదీయడం కన్నా ఆయుర్వేదానికి అవమానం ఏముంటుంది? కక్ష సంగతి పక్కన పెడితే, లైసెన్సు అంటే మామూళ్లు అన్న భయం మాత్రం నిజం. దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. ఫీజు తక్కువ పెట్టండి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో తీసుకోండి, తనిఖీకి వచ్చినవాడు ఏం చూశాడో అదే రోజు పోర్టల్‌లో ఎక్కించేలా చేయండి. పల్లెల్లో సొంత రోగులకు తామే మందు కట్టి ఇచ్చే వైద్యులకు చట్టంలో ఇప్పటికే ఉన్న మినహాయింపును ముట్టుకోకండి. ఇంత చేసినా నా అమ్మకాలు కొంత తగ్గుతాయి. ఈ(1) మందులు నా బేరంలో ఎంతో కాదు, తగ్గితే తగ్గనివ్వండి.

లైసెన్సు పెడితే పాన్ డబ్బావాడు ఆగుతాడా అని కూడా అడుగుతారు. కొందరు ఆగరు. అప్పుడు పోలీసులకు ఆకా పూతా అని నెలల తరబడి ల్యాబు రిపోర్టు కోసం ఎదురుచూసే పని ఉండదు. లైసెన్సు ఉందా లేదా, అంతే ప్రశ్న. డబ్బా కుర్రాడికి పదేళ్ల జైలు భయం చూపించాల్సిన అవసరమూ ఉండదు. సరుకు జప్తు, జరిమానా, రెండోసారి అయితే డబ్బా మూసివేత, పిల్లలకు అమ్మితే కేసు. చిన్న తప్పుకు వెంటనే పడే చిన్న శిక్ష, ఎప్పుడో పడుతుందో లేదో తెలియని పెద్ద శిక్ష కన్నా మా వీధిలో బాగా పనిచేస్తుంది.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి పొట్లాలు బడుల దగ్గర కనబడితే తెలంగాణలో 1908కి, ఆంధ్రప్రదేశ్‌లో 1972కి ఫోన్ చేయవచ్చు. పిల్లలు తిన్నారని అనుమానం వస్తే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, పొట్లం కూడా వెంట పట్టుకెళ్లండి. తిట్టడం, కొట్టడం తర్వాత చూసుకోవచ్చు. అసలు అక్కర్లేదు కూడా.

సలహా మండలి వారికి చివరగా ఒక విన్నపం. 161వ నియమంలో రాష్ట్ర భాష చేర్చడానికి నియమాల సవరణ చాలు, మీతో సంప్రదించి కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే అయిపోతుంది. అమ్మకం లైసెన్సుకు చట్ట సవరణ కావాలంటే దానికి సమయం పడుతుంది, అర్థం చేసుకుంటాను. మొదటిది రెండో దాని కోసం ఆగాల్సిన పని లేదు. మండలి వచ్చే సమావేశం ఎజెండాలో ఈ రెండూ చేరుస్తారో లేదో, చేర్చకపోతే ఎందుకో, జవాబు రాయండి. సంగారెడ్డి జిల్లా ఆయుష్ కార్యాలయానికి పంపినా నాకు అందుతుంది, ఈ లేఖ ప్రతి అక్కడ కూడా ఇచ్చాను.

ఇట్లు,
ఒక ఆయుర్వేద మందుల వ్యాపారి,
సంగారెడ్డి జిల్లా, తెలంగాణ